వాద్యం ఇచ్చేవారిని కూడా

బళ్లారి,
2 ఫిబ్రవరి 1983

చిన్నాన్నకు, పంకజాక్షి నమస్కారాలు.

ఈ ఉదయం పాలు పోసే బసవమ్మ చెంబుకు మూత లేదు. మూతకు బదులు ఒక పచ్చ కాగితాన్ని మడిచి కప్పి తెచ్చింది. పాల ఆవిరికి తడిసి, కాగితం వెనకవైపు నుంచి కూడా అక్షరాలు కనిపిస్తున్నాయి. అది మన తెలుగు కళా సంఘం వారి కరపత్రం. బసవమ్మకు చదువు రాదు. "గట్టి కాగితం పాపా, బజార్లో ఉట్టినే పంచుతాండారు" అంది.

మీ ఊరికీ ఈపాటికి చేరి ఉంటుంది. చేరకపోతే సంగతి ఇది. పోయిన నెల ఇక్కడ కన్నడ భాషాభిమానుల సభలో కోదండరామి గారు పాడారు. పాడిన తర్వాత మాట్లాడుతూ, బళ్లారి అన్నం తినే పిల్లలకు కన్నడమే మొదటి పాఠం కావాలి, తెలుగు ఆ తర్వాతే అన్నారట. ముప్పై ఏళ్లు తెలుగు పద్యాలు పాడి పేరు తెచ్చుకున్న మనిషి ఆ మాట అనడం మన వాళ్లకు నచ్చలేదు. సంఘం అధ్యక్షులు విరూపాక్షయ్య గారు మీటింగు పెట్టారు. ఇకమీదట ఈ జిల్లాలో తెలుగువాళ్లెవరూ ఆయన చేత నాటకం ఆడించకూడదని తీర్మానించారు. కార్యదర్శి కాబట్టి కరపత్రం కింద నాన్న పేరు అచ్చయింది.

నేను కాన్వెంటులో మూడో తరగతికి చెబుతున్నాను. ప్రార్థన గదిలోని హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే గాలి వస్తోంది గాని స్వరం రావడం లేదు. మీరు తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదని సిస్టర్ ఫిలోమినా దాని మీద గుడ్డ కప్పి పెట్టారు. చిన్నప్పుడు ఆ పెట్టె బాగుచేయడానికి మీరు నన్ను వెంటబెట్టుకొని వెళ్లకపోతే నేను ఆ గేటు దాటేదాన్ని కాదని అమ్మ ఇప్పటికీ అంటుంది. వేసవి సెలవుల్లో రాగలరా?

పిన్నికి నమస్కారాలు. నానమ్మ ఆబ్దికం ఏప్రిల్ రెండున వచ్చింది. ఎప్పటిలాగే ముందురోజే వస్తారని అనుకుంటున్నాము.

పంకజాక్షి

*

హచ్చొళ్ళి,
14 ఫిబ్రవరి 1983

పంకజ పాపకు చిన్నాన్న దీవెనలు.

నీ జాబు అందింది. నేను నీలాగా రాయలేను, నోటికొచ్చింది నోటికొచ్చినట్టు రాస్తాండా, సర్దుకో.

శివరాత్రికి మోక ఊర్లో నాటకం ఉండె. పది దినాల ముందే పెట్టెకు గాలి ఊదే తిత్తి కొత్తది కట్టుకొని తయారుగా ఉంటిమి. కోదండరామిని వద్దన్న సంగతి ఆయనకు ముందే తెలిసింది, ఆయన రాలేదు. వేరే ఎవురన్నా పాడతారేమోలే అని నేనూ తబలా హొన్నప్పా బస్సు టాపు మీద పెట్టె కట్టుకొని పోయినాము. ఆడ దిగేతలికి పందిరి విప్పుతాండారు.

"ఏందప్పా దేవప్పా, నాటకమే లేదా?" అంటి.

దేవప్ప ఆ ఊరి పెద్ద. నెత్తి గోక్కున్యాడు. "వేరే ఆయన్ని పిలుస్తామనుకుంటిమి సుబ్బయ్యప్పా. అంతలోకే కాగితంలో నీ సంగతి గూడా ఉండాదనిరి."

"నా సంగతేంది? నేనేమన్నా సభలో మాట్లాడితినా?"

"ఆయనకు పెట్టె పలికిచ్చేది నువ్వే కదప్పా."

హొన్నప్పకు నవ్వొచ్చింది. "సుబ్బన్నా, నువ్వు పుట్టినకాడి నుంచి నలుగురిలో నోరు తెర్సిందే ల్యా. పెట్టె నోరు తెర్సిందానికి నీ మీద పడిరి సూడు" అన్యాడు. నవ్వుకుంటానే ఇంటికొచ్చినాము. ఇల్లు చేరినాక నవ్వు రాలేదు.

ఆ కాగితం తెప్పించుకొని చదివినా. "మన పద్యంతో బతికి మన భాషను రెండో పీట మీద కూర్చోబెట్టినవారికి వేదికను ఇచ్చేవారినీ, వాద్యాన్ని ఇచ్చేవారినీ కూడా దూరంగా ఉంచుదాం." రాసినోళ్లకు రాత బాగా వచ్చు పాపా. ఒక్క తప్పు లేదు. అయితే వేదిక ఇచ్చేటోళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఈ జిల్లాలో ఆయనకు వాద్యం ఇచ్చేటోడు ఎవరు? నేనొక్కన్నే. నా కోసమే ఆ మాట పెట్టినట్టుండాది. కింద సూస్తే మా అన్న పేరు. దుకాణంలో కూచ్చోమంటే కూచ్చోకుండా పెట్టె పట్టుకొని పోయినానని ఇరవై ఏండ్ల నుంచి మా అన్న కడుపులో ఉండాది. అది ఇట్ల బయటికొచ్చిందేమో.

కోదండరామి అన్న మాట మంచిదో చెడ్డదో నాకు తెలీదు. ఆయన గొంతు మాత్రం తెలుసు. నువ్వూ విన్నావు కదా, దసరాకు మీ నాయనతో ఈడికొచ్చినప్పుడు. ఆ గొంతు మీద కోపం పెట్టుకునే దానికి ఎంత చెవుడు ఉండల్ల!

సిస్టరమ్మకు చెప్పు, సెలవుల్లో వస్తా.

నీ చిన్నాన్న
సుబ్బయ్య

*

బళ్లారి,
24 ఫిబ్రవరి 1983

చిన్నాన్నకు నమస్కారాలు.

మీ జాబు దుకాణంలో నాన్నకు చదివి వినిపించాను. ఆయన బట్ట కొలుస్తున్నారు. కొలవడం ఆపి, గజం బద్దను గోడకు ఆనించి, మళ్లీ మొదటి నుంచి కొలిచారు. "కింద నా పేరు ఉండాది కదా. వాడనుకునే దాంట్లో తప్పేముండాది?" అన్నారు.

కానీ చిన్నాన్నా, కరపత్రం రాసింది నాన్న కాదు. మీకు తెలుసు, నాన్న బిల్లు తప్ప ఏమీ రాయరు. ఆ మాట మీ కోసం పెట్టింది కాదు. ఇది మీరు నమ్మాలి.

ఒకటి తోస్తోంది. కోదండరామి గారు కాక ఇంకా పాడేవాళ్లు ఉన్నారు కదా. మీ పెట్టె వాళ్లకు వాయించవచ్చు. పెట్టె ఎవరికైనా ఒకటే కదా. కొద్ది రోజులు అలా గడిస్తే జనం ఆ కాగితాన్ని మరిచిపోతారు. మా వీధిలో ఇప్పటికే దానిలో బెల్లం పొట్లాలు కడుతున్నారు.

పరీక్షలు దగ్గరకొచ్చాయి. పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. పిన్ని మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

పంకజాక్షి

*

హచ్చొళ్ళి,
18 మార్చి 1983

పంకజ పాపకు దీవెనలు.

జవాబు ఆలస్యమాయె. రాయాలంటే చెయ్యి ఆడలేదు.

పెట్టె ఎవరికైనా ఒకటే అని రాసినావు. కాదు పాపా. అంగట్లో కొన్న పెట్టె ఎవరికైనా ఒకటే. అది అందరికీ రోంత రోంత తప్పు పలుకుతాది, అందుకే అందరికీ సరిపోతాది. నా పెట్టె అట్ల కాదు. కోదండరామి శ్రుతి యాడుందో చూసుకొని, ఆయన గొంతు ఏ స్వరం కాడ ఎట్ల నిలబడుతాదో విని, స్వరం పలికే ఒక్కొక్క ఇత్తడి రీడును ఆకురాయితో గీసి ఆడికి తెచ్చినా. కొన దగ్గర గీస్తే స్వరం ఎక్కుతాది, మొదట్లో గీస్తే దిగుతాది. ఆరేండ్లు పట్టింది. ఆ పెట్టె ముందర ఇంకొకరు పాడితే ఇద్దరూ కొట్లాడుకున్నట్టు ఉంటాది. గీసిన ఇత్తడి మళ్లీ అంటుకోదు. ఇంకొకరి కోసం ఇంకోసారి గీస్తే కొన్ని తట్టుకుంటాయి, కొన్ని పగిలిపోతాయి. నువ్వు విన్నదానివి, నీకు చెప్పాల్సిన పని లేదు.

కోదండరామి పోయిన వారం దావణగెరె పోతా మా ఇంటికాడ దిగినాడు. ఆయనకేం కొదవ లేదు, కన్నడ నాటకాలోళ్లు పిలుచుకుపోతాండారు. మీ పిన్ని మజ్జిగ ఇచ్చింది. తాగి, "నేనన్న మాట నాది సుబ్బన్నా. నన్ను తిట్టమను, పడతా. దానికి నీ తిత్తి ఎందుకు చింపల్ల?" అన్యాడు. "నాతో రా, ఆడ వాయిద్దువు" అని కూడా అన్యాడు.

"నేనొస్తే ఆడ వాయించేటోడు యాడికి పోవల్ల?" అంటి.

ఆయన తల వంచుకున్యాడు. గొంతు ఉన్నోని గొంతు వానితోనే పోతాది. మా పనులు ఈడ నాటుకోనుండాయి. తెరలు కట్టే గాదిలింగప్ప బండ్రి పక్క గనుల్లో మట్టి మోయడానికి పోయినాడు. యాభై ఏండ్ల మనిషి. తెర మీద ఆకాశం గీస్తే పిట్టలు వచ్చి వాలుతాయనేవాళ్లు. నాటకమోళ్లకు వంట చేసే పక్కీరమ్మ మాయింటి ముందర నుంచి పోతా, "ఏం సుబ్బయ్యప్పా, నేనేమన్నా అన్నంలో కన్నడ కలిపితినా? నన్నెందుకు మాన్పిచ్చిరి?" అనింది.

మీ నాయన "వాడనుకునే దాంట్లో తప్పేముండాది" అన్యాడని రాసినావు. అంటే ఒప్పుకున్యట్టే కదా. నువ్వు కూతురివి, నాయన్ని కాపాడుకుంటావు. తప్పు కాదు.

మా అమ్మ ఆబ్దికానికి నేను రాను. ఈడనే కాలువ కాడ నీళ్లు వదులుతా. అన్నకు నువ్వే చెప్పు.

సుబ్బయ్య

*

బళ్లారి,
5 ఏప్రిల్ 1983

చిన్నాన్నకు నమస్కారాలు.

నానమ్మ ఆబ్దికం జరిగింది. నాన్న చివరిదాకా మీరు వస్తారనే అనుకున్నారు. మీ పంచె కూడా తడిపి ఆరేయించారు. శాస్త్రులు గారు, "ఏమప్పా మల్లికార్జునయ్యా, తమ్ముడు యాడ?" అని అడిగారు. "పని మీద పోయినాడు సామీ" అన్నారు నాన్న. మీకు పని లేదని ఆయనకు తెలుసు. నానమ్మ పోయిన పద్నాలుగేళ్లలో ఒక్కరే కూర్చోవడం ఇదే మొదలు. మంత్రం మధ్యలో మీ పేరు చెప్పాల్సిన చోట రెండుసార్లు ఆగారు.

మర్నాడు నేను విరూపాక్షయ్య గారి ఇంటికి వెళ్లాను. పెద్దవాళ్ల ఇంటికి ఒంటరిగా వెళ్లి మాట్లాడటం నాకు అలవాటు లేదని మీకు తెలుసు. వాద్యం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక చిన్న కాగితం వేయించమని అడిగాను. ఆయన నవ్వారు.

"ఆ మాటే జనానికి పట్టింది పాపా! పిలగాళ్లు నోటికి చదువుతాండారు. దాన్ని తీసేస్తే కాగితంలో ఏముంటాది?"

"మా చిన్నాన్న పని పోయింది."

"ఒక సంఘం నిలబడాలంటే ఇట్లాంటివి ఉంటాయి. సుబ్బయ్య మనోడే కదా, ఏమనుకోడులే. కాఫీ తాగి పో."

తాగలేదు. అంతకంటే నేను చేయగలిగింది తెలియలేదు.

చిన్నాన్నా, ఆ మాట రాసినవారికి అది ఎవరి మీద పడుతుందో తెలియదు. ఇది చెడ్డతనంతో జరిగింది కాదు. ఆలోచన లేకుండా జరిగింది. రెండింటికీ మీకు తేడా ఏమీ ఉండదని తెలిసే రాస్తున్నాను.

పంకజాక్షి

*

హచ్చొళ్ళి,
28 ఏప్రిల్ 1983

పంకజకు.

వెంకట్రావు గారి బియ్యం మిల్లులో చేరినా. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసే పెద్దమనిషి. మా ఊర్లో ఆ కాగితాలు పంచింది ఈయనే. "సుబ్బయ్యగారూ, మేం మాత్రం ఏం చేస్తామండీ, భాష కదండీ! మీకు పని లేకపోతే చూస్తూ ఊరుకుంటామా? మా మిల్లుకొచ్చి బస్తాలు చూసుకుందురుగాని రండి" అన్యాడు. మంచోడే. అందరూ మంచోళ్లే.

భజన వాళ్లు అడిగిరని పెట్టెను వాళ్ల శ్రుతికి తిప్పి గీస్తి. మూడు రీడులు పగిలె. మిగిలినవి పలుకుతాండాయి, అయితే అవి నేను చేసిన పెట్టెవి కావు.

కష్టం బస్తాలతో కాదు. మిల్లు మోతతో. సాయంత్రం ఇంటికొస్తే చెవిలో గుయ్యిమని ఒకటే శ్రుతి. మీ పిన్ని పిలిస్తే రెండోసారికి గాని వినపడల్యా. నా చెయ్యి పోయినా నేర్చుకున్యోళ్లకు చెప్పి చేయిద్దును. చెవి పోతే ఎవరికి చెప్పల్ల?

ఒక మాట అడుగుతా, సూటిగా చెప్పు. "రాసినవారికి తెలియదు" అని రాసినావు. అంటే రాసినోళ్లు ఎవరో నీకు తెలుసు. మీ నాయన కాదంటావు, పేరు చెప్పవు. మీ నాయనే అయితే ఆయన్నే చెప్పమను. అది తెలిసేదాకా ఆ గడప నేను తొక్కను. సిస్టరమ్మకు మాట ఇచ్చినా కాబట్టి కాన్వెంటుకు మాత్రం వస్తా.

సుబ్బయ్య

*

బళ్లారి,
14 మే 1983

చిన్నాన్నకు నమస్కారాలు.

పోయిన శనివారం మీరు వచ్చి వెళ్లారని సిస్టర్ ఫిలోమినా సాయంత్రం కబురు పంపారు. కాన్వెంటుకూ మన ఇంటికీ నాలుగు వీధుల దూరం. నాన్న చొక్కా వేసుకొని బస్టాండుకు వెళ్లారు. మీ ఊరికి పోయే సిరుగుప్ప బస్సు ఎప్పుడో పోయిందని ఆయనకూ తెలుసు. చాలాసేపటికి తిరిగొచ్చి, చెప్పులు విడవకుండా అరుగు మీద కూర్చున్నారు.

పెట్టె పలుకుతోంది. కానీ సిస్టర్ ఇంకో సంగతి చెప్పారు. శ్రుతి చూసుకోవడానికి మీరు ఆమెను ఒక స్వరం పాడమన్నారట. ఇదివరకు ఒకసారి పాడితే చాలేది. ఈసారి నాలుగుసార్లు పాడించుకున్నారట. నాలుగోసారి కళ్లు మూసుకొని, చెవి ఆమె వైపు తిప్పి విన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఈ జాబు రాస్తూ, చింపుతూ ఉన్నాను.

సంఘం వారు మొన్న మళ్లీ కూర్చున్నారు. వార్షికోత్సవానికి కోదండరామి గారినే పిలిచి, పాడించి, శాలువా కప్పుతారట. "ఆయన లేకుంటే జనం రారు పాపా. అయిందేదో అయిపాయె" అన్నారు విరూపాక్షయ్య గారు. కోదండరామి గారు వస్తానన్నారు. తమ మాట వెనక్కి తీసుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆహ్వానపత్రం రాసిపెట్టమని విరూపాక్షయ్య గారు నాకు కాగితం పంపారు. రాయనని తిప్పి పంపాను.

నన్నే ఎందుకు అడిగారంటే, పోయినసారి రాసిందీ నేనే కాబట్టి. ఆ కరపత్రం నేను రాశాను, చిన్నాన్నా.

ఆయన ఒక చీటీ మీద నాలుగు మాటలు రాసి పంపారు. అందులో వేదిక ఇచ్చేవారు అని మాత్రమే ఉంది. "వేదికను ఇచ్చేవారిని కూడా దూరంగా ఉంచుదాం" అని రాసి చదువుకున్నాను. వాక్యం మధ్యలోనే ఆగిపోయినట్టు అనిపించింది. పక్కన ఇంకొక మాట పడితే నిండుగా ఉంటుందనుకున్నాను. వాద్యం అన్న మాట వెతకకుండానే వచ్చింది. వేదిక, వాద్యం. వినడానికి బాగుందని సంతోషపడ్డాను. ఎవరూ చెప్పలేదు. మీరు గుర్తుకు రాలేదు. ఆకురాయి పట్టుకున్న మీ చెయ్యిని చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, ఆ మాట రాస్తున్నప్పుడు ఆ చెయ్యి నా కళ్ల ముందుకు రాలేదు. ఒక్క తప్పు లేదని మీరు రాసినప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ చదవలేకపోయాను.

నాన్నకు తెలుసు. మీ మొదటి జాబు చదివిన రోజే మీకు చెబుతానన్నాను. "వద్దు. నా మీద కోపం వాడు ఓర్చుకుంటాడు, అలవాటే. నీ మీద అయితే ఓర్చుకోలేడు" అన్నారు. ఆ మాట చాటున నేను మూడు నెలలు ఉన్నాను. ఆబ్దికం నాడు ఆయన ఒంటరిగా కూర్చున్నప్పుడు కూడా బయటికి రాలేదు. ఈ జాబు సంగతి ఆయనకు చెప్పలేదు.

శాలువా కప్పే రోజుకు మీ పెట్టె కావాలని వీళ్లు కబురు పంపుతారు. ఆ పెట్టె ఇప్పుడు ఎలా ఉందో వాళ్లకు తెలియదు. వస్తారో, రారో మీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడం లేదు. నాన్న దగ్గరికి రండి. వచ్చినప్పుడు నన్ను గదిలో ఉండమంటే గదిలోనే ఉంటాను. మిల్లులో పని చేసినంతసేపూ చెవుల్లో దూది పెట్టుకోండి. కాన్వెంటు డిస్పెన్సరీ నుంచి తెచ్చిన దూది ఈ జాబుతో పాటు పొట్లం కట్టి పంపుతున్నాను.

పంకజాక్షి

తా.క. దసరాకు నేను విన్నానని మీరు రెండు జాబుల్లో రాశారు. నేను కాదని రాయలేదు. ఆ రోజు జనం ఎక్కువగా ఉన్నారని నేను మీ ఇల్లు కదల్లేదు. పిన్ని దగ్గర కూర్చొని పుస్తకం చదువుకున్నాను. కోదండరామి గారు పాడగా నేను ఎప్పుడూ వినలేదు.